విప్పుకుపోవడానికి కట్టిన ఇల్లు

మా మేస్త్రి చనిపోయారు. సెలవు మీద ఊరెళ్ళి తిరిగొచ్చిన మా వడ్రంగి, భుజం మీది సంచి కూడా దించకుండా, ఈ ఎడారి దేశంలో, బర్కాలోని మా రూమ్ గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఈ వేసవిలో ఊరెళ్ళిన ఆయనకు అక్కడే జ్వరమొచ్చిందట. అంతవరకు విన్నప్పుడు ఏడుపొచ్చింది. మిగతాది విన్నాక ఒళ్ళు మండింది. తాతల నాటి చేనులో ఆయన్ని పూడ్చబోతే, అది రిజర్వు అడవి, గుంత తీయడానికి వీల్లేదని అటవీ సిబ్బంది అడ్డం పడ్డారట. చివరికి వాగు ఒడ్డున పూడ్చి వచ్చారు. ఆ చేను దున్నింది ఆయన, ఆయన తండ్రి, ఆ తండ్రి తండ్రి. అడ్డం పడ్డవాళ్ళు అక్కడికి ఎప్పుడొచ్చారో నాకు తెలియదు.

ఆయన ఆదిలాబాద్ వైపు గోండు గూడెం మనిషి. మాది చిన్న కంపెనీ. కాగితాల మీద పేరు మా అర్బాబ్‌ది, బర్కాలో ఖర్జూర తోటలున్న అరబ్బు యజమానిది. నడిపింది మాత్రం మేస్త్రి. మాలో సగం మంది ఆయన గూడెం వాళ్ళు, మిగతావాళ్ళం కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళం. పెద్ద కంపెనీల క్యాంపుల్లో మమ్మల్ని 'అడవోళ్ళ కంపెనీ' అని ఎగతాళి చేసేవారు. మేస్త్రి కోపం తెచ్చుకోలేదు. ఆ పేరునే మా పికప్ బండి తలుపు మీద ఎర్ర పెయింటుతో రాయించారు.

పునాది తీసే ముందు గుప్పెడు మన్ను తీసి పక్కన పెట్టుకునేవారు. పని ముగిశాక ఆ మన్ను తెచ్చి గోడ మొదట్లో పోసేవారు. "అడిగి తీసుకున్నది మల్ల ఇయ్యాలె" అనేవారు. ఇంకో మాట కూడా ఉండేది. "ఇల్లు కూలినోని కప్పు లేశినంకనే మన పొయ్యి ముట్టియ్యాలె." అది వాళ్ళ గూడెం కట్టుబాటట. ఆయన చిన్నతనంలో అడవి ఖాళీ చేయమని అటవీ సిబ్బంది గుడిసెలు తగలబెట్టినప్పుడల్లా, తెల్లారి అందరూ కలిసి ఒక్కో కప్పు లేపి, ఆ తర్వాతే గంజి కాచుకునేవారట.

అల్ ఖువైర్ అనే చోట ఒక పెద్ద కంపెనీ కింద ఆఫీసుల గోడలు కడుతున్న రోజులవి. అక్కడి సర్వేయర్ పాలస్తీనా మనిషి. ఊరు పోగొట్టుకున్న ఆయన బంధువులంతా శరణార్థుల క్యాంపులో ఉండేవారు. ఆ క్యాంపు మీద బాంబులు పడ్డాయని రేడియోలో విన్నాడు. పోయినవాళ్ళ కోసం కాసేపు పని ఆపి నిలబడదామని సైట్ మీద అడిగాడు. అడిగాడు, అంతే. మేనేజర్ ఆ పూటే ఆయన్ని పనిలోంచి తీసేసి, క్వార్టర్ ఖాళీ చేయించాడు. ఎండలో పెట్టెలు, పెట్టెల పక్కన చంటిపిల్లతో ఆయన భార్య. అంత పెద్ద సైట్‌లో ఒక్కరూ నోరెత్తలేదు. మేస్త్రి తాపీ కడుక్కుని సంచిలో పెట్టుకున్నారు.

"డ్యూటీ బంద్. ఆ సామాన్లు బండ్లె ఎయ్యిర్రి" అన్నారు.

అర్బాబ్ తన తోట చివర జాగా చూపించి, అక్కడ ఇల్లు లేచేదాకా ఆ కుటుంబాన్ని తన ఇంట్లో ఉంచుకున్నాడు. మేం రాయి, సిమెంటుతో గోడలు లేపాం. పైకప్పుకు ఇనుప చువ్వలు కూడా తెచ్చాం. సర్వేయర్ చూడటానికి వచ్చాడు. మేస్త్రి గర్వంగా, హిందీలో, "యాభై ఏళ్ళు చెక్కుచెదరదు సాబ్" అన్నారు.

సర్వేయర్ మొహం ఎర్రబడింది. "మీరూ అదే అంటారా?" అని తనకొచ్చిన హిందీలో అరిచాడు. "లోకమంతా నన్ను ఎక్కడో ఒకచోట సర్దుకోమంటోంది. నాకు ఇల్లుంది! నేను అక్కడికి పోతాను!"

"పొయ్యి ముట్టియ్యకుంట కడుతుంటే గీ మాటలా?" అని వడ్రంగి గొణిగాడు. మేస్త్రి చెయ్యెత్తి ఆపారు. గోడ దగ్గరికెళ్ళి రాయి మీద చెయ్యేశారు.

"తప్పు మనదే, తమ్మీ" అన్నారు నాతో. "మా గూడెం కాలవెట్టినంక రోడ్డు పక్కకు రేకుల షెడ్లు ఏసిచ్చిర్రు. ఇగ ఈడనే సల్లగుండుర్రి అన్నరు. మా అయ్య ఆ షెడ్డుల ఒక్కనాడు గూడ పండలే. గది మర్శిపోయి నేనే ఇంకొగలకు షెడ్డు కడుతున్న."

గోడలు మేమే పడగొట్టాం. కర్రలు పాతి, ఖర్జూర మట్టల తడికలు కట్టి, అన్నిటినీ ఖర్జూర పీచు తాళ్ళతో బిగించాం. ఒక్క మేకు లేదు. ప్రతి ముడీ ఒక్క లాగుకు ఊడొచ్చే ముడే. మేస్త్రి గుమ్మం ముడి కొసను సర్వేయర్ చేతికిచ్చి, "మీ ఊరికి పోయే రోజున ఇది లాగండి సాబ్. మిగతావి విప్పడానికి మేం వస్తాం" అన్నారు. సర్వేయర్ ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు.

తర్వాత మేనేజర్ మమ్మల్ని పిలిపించాడు. ఆ సర్వేయర్‌తో మాకేం సంబంధం లేదంటే పని ఉంటుందన్నాడు. "గాయన మా గూడెపోడేనని చెప్పు" అన్నారు మేస్త్రి, ఇంగ్లీషొచ్చిన నాతో. చెప్పాను. పని పోయింది. ఆ ఏడంతా తోటల్లో కాలవలు తవ్వుకుని బతికాం. కడుపులు మాడాయి. అయినా మేస్త్రిని వదిలి ఎవరూ పోలేదు.

ఎండకు పీచు తాళ్ళు కుళ్ళిపోతాయి. ఏటా వేసవి దాటగానే మేస్త్రి వెళ్ళి కొత్తవి కట్టేవారు. "వచ్చే ఏడు ఈ పని ఉండదు" అనేవాడు సర్వేయర్. "ఇన్షా అల్లా" అనేవారు మేస్త్రి. ప్రతి ఏడూ అదే మాట, అదే జవాబు.

మేస్త్రి పోయారని తెలిసి ఆ మేనేజరే మా రూమ్‌కు వచ్చాడు. ఎవరితోనూ పేచీ పెట్టుకోని మంచి మనిషట! మేం ఇచ్చిన టీ తాగుతూ అన్నాడు. పచ్చి అబద్ధం. మేస్త్రి పేచీ పెట్టుకున్నారు, వాడితోనే పెట్టుకున్నారు. మా నోటి దగ్గర కూడు పోయినా వెనక్కి తగ్గలేదు. చచ్చిపోయాడు కదా అని ఆయన్ని మెత్తటి మనిషిని చేస్తే నేనూరుకోను. ఆ మాట వాడి మొహం మీదే అనేసి బయటికొచ్చాను.

నిన్న శుక్రవారం తాళ్ళు మార్చడానికి మేమే వెళ్ళాం. సర్వేయర్ నిచ్చెన తెచ్చి వేశాడు. కుళ్ళినవన్నీ కోసి కొత్తవి కట్టుకుంటూ గుమ్మం దగ్గరికొచ్చాను. అక్కడ మేస్త్రి పోయినేడు వేసిన ముడి ఉంది. కత్తి పెట్టబోతే సర్వేయర్ దాన్ని అరచేత్తో మూసేశాడు. సరేనని దాని పక్కనే ఇంకో తాడు కట్టాను. కోపంతో ఎక్కువ లాగాను, ముడి ఊడొచ్చింది. మళ్ళీ వేశాను.

"వచ్చే ఏడు ఈ పని ఉండదు సాబ్" అన్నాను.

"ఇన్షా అల్లా" అన్నాడు, చెయ్యి తియ్యకుండానే. ఆయన వేళ్ళ సందులోంచి ఆ పాత తాడు కొస బయటికి వేలాడుతోంది.