పిలిస్తే వచ్చే మనిషి

మొన్న కురుగోడు బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనున్న బండి మీద ఎవరో ఉగ్గాని కలుపుతున్నారు. నానిన బొరుగుల మీద పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండినప్పుడు లేచే వాసన, దాని వెనకే మిరపకాయ బజ్జీల ఘాటు. ఆ వాసన తగలగానే నా వెన్ను దానంతటదే నిటారుగా అయింది. ఎవరో నన్ను ప్రశ్న అడగబోతున్నట్టు, జవాబు సిద్ధం చేసుకోవాలన్నట్టు. అడిగే మనిషి లేదని గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. బస్సు వచ్చింది, ఎక్కాను, కానీ ఆ రోజంతా డాక్టర్ విశాలాక్షి గారు నా పక్క సీట్లోనే కూర్చున్నారు.

ఆవిడను ఎరగనివాళ్ళ కోసం రాస్తున్నాను. బళ్ళారి జిల్లాలో, కాలవ కింద ఉన్న ఒక పెద్ద ఊరి ఆసుపత్రిలో ఆవిడ ప్రసూతి డాక్టరు. ఊరి పేరు రాయను. నేను అక్కడ మిడ్‌వైఫ్‌ని. మామూలు నర్సు చదువు పైన ఇంకా చాలాకాలం ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి, సహజమైన కాన్పులు మీరే సొంతంగా చేయవచ్చు, నిర్ణయాలు మీరే తీసుకోవచ్చు అని ప్రభుత్వం పంపిన కొద్దిమందిలో ఒకదాన్ని. ప్రమాదం కనిపిస్తే డాక్టరును పిలవాలి. డాక్టరు మాకు మద్దతు ఇవ్వాలి, పర్యవేక్షించాలి. కాగితం మీద ఉన్నవి ఈ రెండు మాటలే. మన దేశంలో పర్యవేక్షణ అంటే తప్పు దొరికేదాకా కనిపించకుండా ఉండి, దొరకగానే ప్రత్యక్షమవడం. మద్దతు అంటే సన్మాన సభలో శాలువా కప్పడం. ఈ రెండు మాటలకు అసలు అర్థం ఏమిటో నేను ఒక్క మనిషి దగ్గరే చూశాను.

ప్రతి కాన్పు తర్వాత ఆవిడ మమ్మల్ని వెనక వరండాలో కూర్చోబెట్టి, ఉగ్గాని తెప్పించి, తినిపిస్తూ అడిగేవారు. "ఏం చూసినావు? ఏమనుకున్నావు? ఏం చేసినావు?" ఈ వరస తప్పకూడదు. మొదటిరోజే నేను "ఆమెకు రక్తం ఎక్కువ పోతుందేమోనని భయమేసింది మేడమ్" అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేశారు. "చూసింది చెప్పమంటే అనుకున్నది చెప్తావేందే? కంటికి ఏం కనపడినాది? అది చెప్పు ముందు." అంతా విన్నాక తన వంతు. అదే చోట తానుంటే ఏం చేసేవారో, తన ఉద్యోగంలో ఎప్పుడు ఎక్కడ పొరపాటు పడ్డారో చెప్పేవారు. నర్సుల ముందు తన పొరపాటు చెప్పుకున్న డాక్టరును నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

నేను పుట్టింది క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి కాలవ నీళ్ళ కింద వరి పండించుకుంటున్న వాళ్ళ ఊళ్ళను ఇక్కడ అలాగే అంటారు. మా నాన్న హేతువాది. మా ఇంటి వాకిట్లో వాదోపవాదాలు జరిగేవి. దేవుడు ఉన్నాడా, జాతకం నిజమా, కులం ఎవరి సృష్టి అని పెద్దవాళ్ళు అరుచుకుంటుంటే నేను వాళ్ళ మధ్య పెరిగాను. వాదించడం నాకు నడక కంటే ముందు వచ్చిందని అమ్మ ఎగతాళి చేసేది. కానీ కన్ను చూసినదాన్ని మనసు ఊహించినదాని నుంచి వేరుచేయడం ఆ సభల్లో ఎవరూ నాకు నేర్పలేదు. విశాలాక్షి గారు పూజ చేసుకునే మనిషి. మెడలో రుద్రాక్ష ఉండేది. నాకు దొరికిన అసలైన హేతువాద గురువు ఆవిడే.

ఒకసారి మా క్యాంపువాళ్ళే ఒక కోడలిని తీసుకొచ్చారు. నొప్పులు మొదలయ్యాయి, అంతా బాగానే ఉంది. ఇంతలో అత్తగారికి గోదావరి జిల్లా నుంచి ఫోను. తాతల ఊరు వదిలి ఇంతకాలమైనా మావాళ్ళకు జాతకాలు చూసే సిద్ధాంతి మాత్రం అక్కడివాడే ఉండాలి. "అమావాస్య ఘడియల్లో బిడ్డ పడకూడదంటండి. బళ్ళారి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించేస్తాం. మంచి టైము సిద్ధాంతిగారు రాసి పంపుతారంట" అందావిడ. నేను ఊరుకుంటానా? భూమి ఎలా తిరుగుతుందో, చంద్రుడికీ గర్భసంచికీ సంబంధం ఎందుకు ఉండదో వార్డు మొత్తానికీ వినిపించేలా చెప్పాను. అత్తగారు కోడలిని లేపి కారు ఎక్కించింది.

విశాలాక్షి గారు తడి చేతులతోనే కారు దగ్గరికి పోయారు. "అమ్మా, పోతే పోండి, నేనేం ఆపను. బిడ్డ గుండె చప్పుడు ఒక్కసారి ఇని పోండి" అన్నారు. నా వైపు తిరిగి, "అరుణా, వినిపించు" అన్నారు. కారు వెనక సీట్లోనే మిషను పెట్టి వినిపించాను. గుర్రం పరుగెత్తుతున్నట్టు ఆ చప్పుడు. అత్తగారు వంగి మిషను దగ్గర చెవి పెట్టింది. "ఇంత బాగుండే బిడ్డను కోత పెట్టి తీయాలా అని ఈమెను అడగండి. ఇట్లాంటి కాన్పుల్లో నా కంటే ఈమె చెయ్యే మేలు" అన్నారు డాక్టరమ్మ. అడిగారు. చెప్పాను, ఈసారి చంద్రుడి ఊసు లేకుండా. కోడలిని కారు దించారు. సాయంత్రానికి మా దగ్గరే, అమావాస్యలోనే ఆడపిల్ల పుట్టింది.

వరండాలో నన్ను కూర్చోబెట్టి అన్నారు: "వాదంలో గెలిచినావు కదా. పిల్ల కారెక్కినాది."

"మూఢనమ్మకానికి తల ఊపమంటారా మేడమ్?"

"ఊపమని ఎవురన్నారు? ఆమెకు నీ మీద గురి కుదిరేదాకా నీ నిజం ఆమెకు పనికిరాదు. మీ క్యాంపోళ్ళకు నోరు జాస్తి, చెవులు తక్కువ."

ఆ మాటతో ఇప్పటికీ నేను పూర్తిగా ఏకీభవించను. నిజాన్ని నిజంగా చెప్పాల్సిన చోట్లు ఉన్నాయి. కానీ ఆవిడ నా మీద కోపం చూపించింది వరండాలో, నలుగురి కంట పడకుండా. నా మీద నమ్మకం చూపించింది అందరి ముందు, కారు దగ్గర. ఈ రెండింటి చోట్లు తారుమారు చేసే అధికారులనే నేను జీవితమంతా చూశాను.

ఇంకొక రోజు కాన్పు తర్వాత ఒకామెకు రక్తం ఆగలేదు. పిలిచాను. అన్నం తింటున్న చేత్తోనే వచ్చి, కడుక్కొని, నా వెనక నిలబడ్డారు. చేతులు వీపు వెనక కట్టుకున్నారు. "ఏం చేస్తావు, చెప్తా చెయ్యి" అన్నారంతే. గర్భసంచి నొక్కుతూ, మందు ఎక్కిస్తూ, చేస్తున్నది చెబుతూ పోయాను. తలుపు దగ్గర ఆమె తండ్రి ఆగలేకపోయాడు. "డాక్టరమ్మా, నువ్వు చేయకుండా సుమ్మనే నిలబడుకోనుండావేందమ్మా?" అని కేకపెట్టాడు. ఆవిడ తల తిప్పకుండా, "ఆమెకు చేతనైతాది లేప్పా. చేతగాని నిమిషంలో నేను చేస్తా. అందుకే ఈడ నిలబడినా" అన్నారు. రక్తం ఆగింది. పర్యవేక్షణ గురించి పెద్దపెద్ద పుస్తకాలు ఉన్నాయి. ఆ ముసలాయనకు ఆవిడ చెప్పిన జవాబు కంటే ఎక్కువ వాటిలో నాకేమీ కనబడలేదు.

జిల్లా సమావేశంలో ఒక పెద్ద డాక్టరు మా మీద విసురు విసిరాడు. "నర్సులకు నిర్ణయాలు ఇచ్చినారు, రేపు మా కుర్చీ కూడా అడుగుతారు." విశాలాక్షి గారు లేచి, "కుర్చీ ఖాళీగానే ఉండాది కదా సార్, మీరు యాడ కూర్చుంటాండారు దాంట్లో?" అన్నారు. గది మొత్తం నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు ఎంత ప్రమాదకరమో మాకు తర్వాత తెలిసింది. మా మీద ఉన్న కోపాన్ని అలాంటి డాక్టర్లు ఆవిడ ఉన్నన్నాళ్ళూ దాచిపెట్టుకున్నారు, అంతే.

రిటైరయ్యే ముందు నెలల్లో ఆవిడ ఒకే పని మీద తిరిగారు. మిడ్‌వైఫ్ పిలిస్తే డ్యూటీలో ఉన్న డాక్టరు వచ్చి తీరాలి, రాకపోతే జవాబు చెప్పాలి అని ఆసుపత్రికి ఒక కచ్చితమైన నియమం కావాలని. కుడతిని నుంచి వచ్చే బొగ్గు లారీల వెనక ఆటోలో, మోకాళ్ళ నొప్పితో, ఆఫీసుల చుట్టూ తిరిగారు. అందరూ కాఫీ ఇచ్చారు. "మీలాంటోళ్ళు ఉండగా నియమాలెందుకు మేడమ్?" అన్నారు. "నేను ఉండను కాబట్టే అడుగుతాండా కదప్పా" అని ఆవిడ తల కొట్టుకున్నారు. వీడ్కోలు సభలో ఎవరో ఆవిడను దేవత అన్నారు. మైకు లాక్కొని, "నన్ను దేవతను చేసి తప్పించుకోవద్దండి. పిలిస్తే వచ్చేది నా గుణం కాదు, ఈ కుర్చీ పని" అన్నారు. చప్పట్లు కొట్టారు. అంతకంటే ఏమీ చేయలేదు.

నేను బాబాల మీద, బల్లిశాస్త్రం మీద ఎన్నో వ్యాసాలు రాశాను. మన మూఢనమ్మకాలన్నింటిలోకి పెద్దది మంచి మనిషి మీద నమ్మకం. ఒక మంచి డాక్టరు, ఒక మంచి కలెక్టరు, ఒక మంచి పంతులు వస్తారు, అంతా సర్దుకుంటుంది అనుకుంటాం. రానప్పుడు కర్మ అంటాం. అవతారం కోసం ఎదురుచూసే బుద్ధే ఇది, తెల్లకోటు తొడుక్కుంది అంతే.

ఆవిడ తర్వాత వచ్చిన డాక్టరు చెడ్డవాడని నేను అనను. పక్కన సొంత నర్సింగ్‌హోమ్, చేతినిండా పని. మేము పిలిస్తే ఒకరోజు "మీరు స్పెషలిస్టులు కదా, మీరే చూసుకోండి" అనేవాడు. మేము చూసుకుంటే మర్నాడు "ఎవురు చెయ్యమన్నారు?" అనేవాడు.

హచ్చొళ్ళి వైపు పల్లె నుంచి హులిగెమ్మ అనే పిల్ల వచ్చింది. మొదటి కాన్పు. నొప్పులు ఇంకా రాలేదు. పట్టపగలు, ఎండ మండిపోతోంది. వాళ్ళమ్మ చెంగుతో విసురుతూ చెప్పింది. "పొద్దున్నుంచి తలకాయ నొప్పంటాది సిస్టరమ్మా. కండ్ల ముందర మెరుపులు మెరుస్తాండాయంట." మొహం ఉబ్బింది. బీపీ చూశాను, విపరీతంగా ఉంది. ఇక అనుమానించడానికి ఏమీ లేదు. ఫిట్స్ వచ్చేలోపు పెద్దాసుపత్రికి చేర్చాలి. డాక్టరుకు ఫోన్ చేసి చూసింది చెప్పాను, అనుకున్నది చెప్పాను, చేయబోయేది చెప్పాను. "నేను చూడకుండా పంపొద్దు, వస్తాండా" అన్నాడు. ఇవ్వవలసిన మొదటి ఇంజెక్షన్లు ఇచ్చి ఎదురుచూశాను. మళ్ళీ చేశాను. "దారిలో ఉండా." మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నా నిర్ణయం మీద అంబులెన్సు ఎక్కించి, పక్కన నేను కూర్చున్నాను. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. బళ్ళారిలో ఆపరేషన్ చేసి బిడ్డను బతికించారు. హులిగెమ్మ కళ్ళు తెరవలేదు. "బిడ్డ పుట్టినాడని దానికి తెలిసినాదా సిస్టరమ్మా?" అని వాళ్ళమ్మ అడిగింది. తెలియలేదని చెప్పాను.

ఆ చావు మీద విచారణ గదిలో నన్ను ఒకే మనిషి రెండు ప్రశ్నలు అడిగాడు. పంపడంలో ఆలస్యం ఎందుకు చేశావు? డాక్టరు అనుమతి లేకుండా ఎందుకు పంపావు? ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయని చెప్పబోయాను. "అడిగినదానికి మాత్రమే చెప్పమ్మా" అన్నాడు. డాక్టరును అడిగిన ప్రశ్నలు ఏమిటో నాకు తెలియదు. ఆయన దారిలో ఉన్నాడన్నది తేలింది. దారి అంతే పొడుగు మరి.

బయటికి వస్తే వరండా చివర బెంచీ మీద విశాలాక్షి గారు కూర్చొని ఉన్నారు. ఎవరో చెబితే తెలిసి వచ్చారు. సాక్ష్యం చెబుతానంటే రిటైరైనవాళ్ళకు సంబంధం లేదని లోపలికి రానివ్వలేదు. అప్పటికే బాగా చిక్కిపోయారు.

"క్షమించండి అని యాడన్నా రాసిచ్చినావా?"

"లేదు మేడమ్."

"రాయొద్దు." పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. తర్వాత మెల్లగా అన్నారు. "తప్పు పని చేసినా నేను. నేర్పాల్సింది మీకు కాదే. మీకు చేతనైతాది. పిలిస్తే ఎట్ల రావాలో వాళ్ళకు నేర్పాల్సింది. నేర్పకుండానే పాయె కాలం."

ఏదైనా ఓదార్పు చెప్పాలని చూశాను. ఆవిడ అన్నది నిజం కాబట్టి ఏమీ దొరకలేదు. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయారు. మా విభాగాన్ని ఎవరూ మూసేయలేదు, బోర్డు ఇప్పటికీ ఉంది. మమ్మల్ని మాత్రం ఒక్కొక్కరినే జనరల్ వార్డులకు మార్చారు. నేను సెలైన్లు మారుస్తున్నాను. నా పేరు కింద ఆ పెద్ద హోదా అలాగే ఉంది. నేను రాసిన విజ్ఞప్తులకు జవాబులు రాలేదు, వస్తాయని ఇప్పుడు అనుకోవడమూ లేదు.

ఈ మధ్య మిడ్‌వైఫ్ శిక్షణకు ఎంపికైన కొత్త అమ్మాయిలతో మాట్లాడమని నన్ను పిలిచారు. ధైర్యం చెప్పండి సిస్టర్ అన్నారు నిర్వాహకులు. నాకు తెలిసిన పని అంతా చెప్పాను. చివరలో, ముందు వరసలో కూర్చున్న ఒక సిరుగుప్ప పిల్ల లేచింది. "సిస్టర్, మేము పిలిస్తే డాక్టర్లు వస్తారా?"

వస్తారు అంటే సరిపోయేది. ఆ పిల్ల నవ్వుతూ కూర్చునేది, నిర్వాహకులు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒకే ఒక్క మనిషి రావడం నేను చూశాను. ఒక్కరిని చూసి అందరి గురించీ చెప్పకూడదని నేర్పింది కూడా ఆ మనిషే. నాకు మిగిలిన ఆస్తి ఆ క్రమశిక్షణ ఒక్కటే. అది నన్ను ఏనాడూ ఓదార్చలేదు, నన్ను ఎవరినీ ఓదార్చనివ్వలేదు.

"తెలియదమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఆ మాటే పుస్తకంలో రాసుకొని, కూర్చుంది.