చిన్నాయన గీసిన సున్నం గీతలు

తార్నాకలో హాస్టల్ పిల్లలకు బకెట్లు, పరుపులు అమ్ముతాను. దుకాణదారుల ఇంట్లో పుట్టినవాణ్ణి. చెప్పిన ధరకు ఏదైనా కొంటే ఆ పూట అన్నం సహించదు. ఆటో దిగాక కూడా బేరమాడి తిట్లు తిన్న చరిత్ర నాది. అలాంటి నా నోరు ఒక సాయంత్రం మా అక్క మూయించింది.

అక్క మా ఊరి మున్సిపాలిటీకి చైర్‌పర్సన్. యూనివర్సిటీలో చైర్‌పర్సన్లకు శిక్షణ ఉందని వచ్చి మా ఇంట్లో దిగింది. పక్క దుకాణం ఆయనకు "మా అక్క, మేయర్" అని గొప్పగా పరిచయం చేశాను.

"మేయరేందిరా! మాది చిన్న మున్సిపాలిటీ. మోరీల మురుగు నిండితె నా ఇంటికే వస్తరు," అంది.

ఆమె మనసంతా సోమవారం కౌన్సిల్ మీటింగు మీదే ఉంది. మా ఊళ్లో కూరగాయల అంగడి బస్టాండు రోడ్డు మీదే సాగుతుంది. అంతకుముందు వారం అంగడినాడు, కాన్పుకు వెళ్తున్న అమ్మాయి అంబులెన్సు ఆ గుంపులో ఇరుక్కుపోయింది. తల్లీబిడ్డా దక్కారు కానీ అక్కకు మాత్రం నిద్ర కరువైంది. అంగడిని ఊరి చివర ఖాళీ షెడ్లకు మార్చాలని తీర్మానం పెట్టింది. గెలవడానికి ఓటుకు లేచే చేతుల్లో ఒక్కటి తక్కువ. ఆ చెయ్యి మా చిన్నాయనది. బజారు వార్డు కౌన్సిలరు. అంగడి ఎదురుగానే ఆయన కిరాణా దుకాణం.

క్లాసులయ్యాక క్యాంపస్‌లో చెట్ల కింద కూర్చున్నాం. "నువ్వు చిన్నాయనవనుకో. నాతోని బేరమాడు," అంది. నాకు పండగే. లేని మీసం మెలేసి దిగాను.

"అంగడి పోతె నా దుకాణానికి ఎవడొస్తడు బిడ్డా?"

"షెడ్ల కాడ నీ దుకాణానికి కొత్త మడిగె ఇప్పిస్తం."

"రెండియ్యి."

"నీ గల్లీల పెద్ద లైటు పెట్టిస్తం."

"లైటు కింద కూసొని ఈగలు తోలాల్నా?"

ఏమిచ్చినా ఇంకొకటి అడిగాను. అక్క ఓడిపోయి నవ్వేసింది. నేను గర్వంగా మిర్చిబజ్జీలు తెచ్చాను, వాటినీ బేరమాడే. ఆమె ముట్టలేదు.

"తమ్మీ, గా మడిగె, గా లైటు ఏవీ నాయి గావు. ఊరివి. నాయి గానివి బేరంల ఎట్ల పెడ్త?" అంది. మళ్లీ నావైపు, అంటే చిన్నాయనవైపు, తిరిగింది.

"చిన్నాయనా, అంగడి పోతె నీ గిరాకి తగ్గుతది. అబద్ధం చెప్ప. గని గా షెడ్లల్ల ఎవరు యాడ కూసొని అమ్మాల్నో, ఎవరికి ఎవరితోని పడదో నీకే ఎరుక. వాళ్ల జాగలకు సున్నం గీతలు నువ్వే గియ్యాలె."

నష్టం ముందే ఒప్పుకుని మొదలయ్యే బేరం నేనెరగను. తగ్గించడానికి ధర లేదు, అడగడానికి సరుకు లేదు. నా చేతిలో బజ్జీ చల్లారిపోయింది.

సోమవారం దుకాణం మూసేసి ఊరెళ్లాను. కౌన్సిల్ హాలు కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్క అవే మాటలు చెప్పింది. చిన్నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గిరాకి పోతదని నా మొఖం మీదనే చెప్తున్నవా బిడ్డా?"

"అవును చిన్నాయనా."

ఆయన చెయ్యి మెల్లగా లేచింది. ఆ ముసలి చేతితోపాటు నా కళ్లముందు ఊరి అంగడంతా లేచి కదిలింది. కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను.

తర్వాతి అంగడినాడు చిన్నాయన షెడ్ల కింద సున్నం బకెట్టుతో వంగి ఉన్నాడు. "జరుగవమ్మా, ఆకుకూరలు నీడకుండాలె!" అని అరుస్తున్నాడు. నేను బస్టాండు దగ్గరికి నడిచాను. ఆయన దుకాణం ముందు ఒక్క మనిషి లేడు. రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కనిపించింది. నేను పుట్టి పెరిగిన వీధి అంత వెడల్పని నాకు ఆనాడే తెలిసింది.