ఎదురు హోటలుకు మా అవ్వ పెట్టిన పేరు

నా చిన్నప్పుడు, ఏ భాష అక్షరమూ నాకు రానప్పుడు, గుడియాత్తం బజారులోని అంగళ్ల బోర్డులన్నీ నాకు బొమ్మలే. తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వేలాడేవి. మా అవ్వ ఇడ్లీ అంగడి మీది రేకు బోర్డు చచ్చిపోయిన మా తాత తన చేత్తో రాసింది. తెలుగు అక్షరాలు. ఇంట్లో ఆయన తప్ప వాటిని చదవగలిగినవాళ్లు లేరు. అయినా అవ్వ పొద్దున్నే ముందు దాన్నే తుడిచేది.

ఎదురుగా ఒక భోజనాల హోటలు. దాని యజమాని అవ్వకు తమ్ముడి వరస. కొన్నేళ్లు వేలూరులో ఉండి వచ్చి, తెలుగు మరచిపోయానన్నాడు. మరచిపోలేదు, మింగేశాడు. అవ్వ తెలుగులో పలకరిస్తే తమిళంలో జవాబిచ్చేవాడు. కూల్‌డ్రింకు కంపెనీలు కొత్తగా ఊళ్లోకి దిగి, సీసా బొమ్మ వేసిన ఇంగ్లీషు బోర్డులు అంగళ్లకు ఊరికే ఇస్తున్న కాలమది. అతనికీ ఒకటి వచ్చింది. అంత తళుకున్నా తెల్లారితే జనం మా అవ్వ దగ్గరే కూర్చుంటున్నారని అతనికి కడుపుమంట.

బోర్డు మీద తమిళం ఉండాలి, మిగతా అక్షరాలకన్నా పెద్దగా ఉండాలి అని మునిసిపాలిటీ రూలు. అతను కొత్తగా వచ్చిన అధికారి దగ్గరికి పోయి, ఎదురంగడి బోర్డు మీద ఏం రాసుందో ఎవరికీ తెలియదనీ, తనకు తెలుగు ఒక్క ముక్క రాదనీ చెప్పాడు. మరునాడు మనుషులొచ్చి మా రేకును గడ్డపారతో పెకలించి ట్రాక్టరులో వేశారు. అవ్వ దాని వెంట పరుగెత్తింది. తరువాత ఆఫీసుకు పోయి అడిగితే పాత ఇనుములో కలిసి పోయిందన్నారు.

ఆమె ఏడవలేదు. అక్కడే నిలబడి, ఎదురు హోటలు బోర్డులో తమిళం ఎక్కడుందో చూపించమంది. రూలు రూలే కాబట్టి అధికారి స్వయంగా బజారుకు వచ్చి ఇంగ్లీషు బోర్డు దించమన్నాడు. కొత్తదాని మీద ఏం రాయించాలని హోటలాయన తల గోక్కుంటుంటే, అవ్వ రోడ్డు దాటి వెళ్లి, 'పంది భోజనం' అని పెట్టుకోవచ్చుగా అని చక్కని తమిళంలో చెప్పింది. తమిళంలో పంది అంటే విందులో విస్తళ్ల వరుస. మనం బంతి అంటామే, అది. అధికారి మురిసిపోయాడు. ఇంత మంచి మాట ఉండగా ఇంకా ఆలోచనెందుకు, పెద్దక్షరాల్లో రాయించమన్నాడు.

హోటలాయన ముఖం నల్లబడింది. మనవాళ్ల చెవికి ఆ మాట ఎలా పడుతుందో అతనికి తెలుసు. చెప్పాలంటే తెలుగు వచ్చునని ఆ అధికారి ముందే ఒప్పుకోవాలి. సరేనని తలూపాడు.

బోర్డు లేచింది. పేర్ణాంబట్టు బస్సు దిగే మేస్త్రీలు చాలామంది మనవాళ్లే. తమిళం చదువుతారు, నవ్వేది తెలుగులో.

“ఏమప్పా, పంది యాడ?”

“గల్లా పెట్టి కాడ కూసోనుండాది, చూడు.”

రోజూ ఇదే. పేరు మార్చాలన్నా అధికారికి కారణం చెప్పాలి. చివరికి ఒక మధ్యాహ్నం అతను మా అంగడికి వచ్చాడు. అవ్వ గిన్నెలు తోముతోంది. ఎన్నో ఏళ్ల తరువాత అతని నోట తెలుగు విన్నాం.

“అక్కా, మేస్త్రీలు నీ మాట వింటారు. నవ్వద్దని చెప్పక్కా.”

“నీకు తెలుగు రాదు గదా నాయనా. వాళ్లేమని నవ్వతా ఉండారో నీకెట్ల తెలిసె?”

వస్తాదిలే అక్కా, అన్నాడు నేల చూస్తూ.

“అట్లయితే మీ బావ రాసిన రేకు తెచ్చి పెట్టు. అప్పుడు చెప్తా.”

తేలేడని ఇద్దరికీ తెలుసు. అతను హోటలు అమ్ముకుని పోయేదాకా ఆ పేరు అక్కడే ఉంది. అవ్వ ఒక్క మేస్త్రీకీ ఒక్క మాటా చెప్పలేదు.

తరువాత బజారంతా ఒకే కొలత బోర్డులతో బడిపిల్లల వరుసలా తయారైంది. నా పిల్లలు పెద్దయ్యాక నేను అక్షరాలు నేర్చుకుని వాటన్నిటినీ చదివాను. నవ్వు పుట్టించేది ఒక్కటీ లేదు. పెద్దవాళ్లు క్షమించడం నేర్పుతారంటారు. మా అవ్వ నాకు అది నేర్పలేదు, నేను అడగలేదు. ఇప్పటికీ మనవాడెవడైనా తనకు తెలుగు రాదంటే నమ్మినట్టే తలూపుతాను. తరువాత వాడి ముందే, వాడి గురించి, తీరిగ్గా తెలుగులో మాట్లాడతాను. చెవులు ఎర్రబడేదాకా ఆపను.