మంచం కింది గొంతు

"పెదవులు నీవి, మాటలు దానివి. గిదేం ఇంటర్వ్యూనే?" అని అరిచాను.

"మెల్లగ అమ్మమ్మా, కింద పోరీలు వింటరు," అంది శిరీష. "ఇప్పుడు శానమంది గిట్లనే చేస్తుండ్రు. నేనొక్కదాన్నే చేసిన్నా?"

"చేసెటోళ్ళు చేసుకోనీ. నా ఇంట్ల చెయ్యాల్నా? నన్ను గూడ అండ్ల కలపాల్నా?"

"నిన్నెవరు రమ్మన్నరు? తలుపు కొట్టకుండ నువ్వే వస్తివి."

"నా ఇంటి తలుపు నేను కొట్టాల్నా?"

ఇది 2024 ఎండాకాలం సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల వెనక వీధిలో నేను లేడీస్ హాస్టల్ నడుపుతున్నాను; ఉండే పిల్లలు నన్ను అమ్మమ్మ అంటారు. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. అయినా ఇన్నేళ్ళు ఉద్యోగాలు వెతుక్కునే ఆడపిల్లల మధ్య ఉండి, వాళ్ళ పరీక్షల పేర్లన్నీ నోటికొచ్చాయి. రెండో అంతస్తులో ఒక టూ షేరింగ్ ఉంది, అంటే ఇద్దరుండే గది. అందులో శిరీష, మాధవి ఉండేవారు. శిరీషది నల్లగొండ దగ్గర పల్లె, డిగ్రీ అయ్యాక ఇక్కడికి వచ్చింది. మాధవిది గుంటూరు వైపు, ముప్పై దాటిన మనిషి.

ఆ నెలలో శిరీష అకౌంట్ మేనేజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు ఇస్తోంది. పేరు అలా ఉంది గానీ లెక్కలు రాసే పని కాదు. కంపెనీ దగ్గర కొనేవాళ్ళు అలిగి ఇంకో కంపెనీకి పోకుండా మంచి మాటలతో నిలబెట్టుకోవాలి. మొదట ఫోన్‌లో మాట్లాడారు, తర్వాత కంప్యూటర్‌లో పరీక్ష పెట్టారు. ఆ రెండూ శిరీష సొంతంగానే గట్టెక్కింది. మూడోది వీడియో రౌండ్. పెద్ద సారు కోపంగా ఉన్న కస్టమర్‌లా మాట్లాడతాడు, ఈ పిల్ల ఇంగ్లీషులో ఆయన్ని చల్లబరచాలి. అదీ అయితే చివరికి ఎల్బీ నగర్ ఆఫీసులో ముఖాముఖి. ఇది కూడా పోతే సామాను తీసుకుని ఊరికి రమ్మని వాళ్ళ నాన్న తేల్చి చెప్పాడు.

వీడియో రౌండ్ నాటి మధ్యాహ్నం ట్యాంకు పొర్లుతోందేమోనని నేను పైకి వెళ్తున్నాను. వాళ్ళ గదిలోంచి ఇంగ్లీషు ఏరులా పారుతోంది. ఈ పిల్లకు ఇంత భాష ఎప్పుడొచ్చిందా అని తలుపు తోశాను. శిరీష ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పెదవులు కదుపుతోంది. గొంతు మాత్రం మంచం కింద నుంచి వస్తోంది. వంగి చూశాను. మాధవి బోర్లా పడుకుని, నోటి దగ్గర మైకు పట్టుకుని, ఎవరినో ఎంతో ఓపికగా సముదాయిస్తోంది.

"ఓర్నాయనో!" అని కేక పెట్టాను.

ఎవరది అని సారు అడిగినట్టున్నాడు. కింది గొంతు కాస్త కూడా తడబడలేదు. "మై గ్రాండ్ మదర్, సర్," అంది. పైన శిరీష పెదవులు అలాగే కదిలాయి. సారు నవ్వి, "నమస్తే అమ్మా," అన్నాడు. నా చేతులు వాటంతటవే నమస్కారం పెట్టాయి. ట్యాంకు సంగతే మరిచి, బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. మూడో రౌండ్ పాసయ్యారు, రేపు ఆఫీసుకు రండి అని. అప్పుడు మొదలైంది మా గొడవ.

"రేపు ఎదురుంగ కూర్చుంటే గొంతు పట్టుకోరా?" అన్నాను.

"ఫోన్‌ల గొంతు వేరే ఉంటదని చెప్త. చెవిల చిన్న మిషన్ పెట్టుకుంట, జుట్టు కప్పుత. మాధవక్క ఫోన్‌ల వినుకుంట మెల్లగ చెప్తది, నేను అందుకుంట."

అప్పటిదాకా బట్టలు మడతపెడుతున్న మాధవి వైపు తిరిగాను. "గింత తెలివి ఉన్నదానివి, నీ పేరు మీద నువ్వు పోరాదు?"

"వెళ్ళలేదనుకుంటున్నారా మామ్మగారూ?" అంది మాధవి. "బాబు పుట్టాక మూడేళ్ళు ఇంట్లో ఉన్నాను. ఆ మూడేళ్ళు ఏం చేశారని అడుగుతారు, చెప్పేలోపే ఫోన్ పెట్టేస్తారు. ఇవాళ దీని పేరుతో గంటసేపు విన్నారండీ. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. వెరీ గుడ్ అన్నారు కూడా. మంచం కిందే ఏడుపొచ్చింది నాకు."

మంచం కింద మనిషిని చూసినప్పటి కంటే నాకు ఇదే పెద్ద దెబ్బ. ఈమె గది అడగడానికి వచ్చిన రోజు నేను కూడా ముందు మొగుడెక్కడ, పిల్లాడెక్కడ అనే అడిగాను. సగం జవాబు విని, మిగతాది చెప్పనివ్వకుండానే తాళం చేతిలో పెట్టాను. మాధవి ఆ మాట అన్న నాటి నుంచి గది కోసం ఎవరొచ్చినా వాళ్ళు చెప్పడం అయ్యేదాకా నోరు మూసుకుంటున్నాను. ఈ పనిలో అంత ఆలస్యంగా నేర్చుకున్నది మరొకటి లేదు.

కానీ ఆ సాయంత్రం మెత్తబడలేదు. చెవిలో మిషన్‌తో నా గడప దాటొద్దని చెప్పాను. శిరీష నా ముఖం మీదే తలుపు వేసింది.

తెల్లారి శిరీష జుట్టు చెవుల మీదికి దువ్వుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆఫీసుకు చేరాక మాధవి ఫోన్ మోగింది. మాధవి మెట్ల మీద నా పక్కన కూర్చుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మాట్లాడొద్దని నాకు సైగ చేసింది. కుర్చీ లాగిన చప్పుడు. సారు ఇంగ్లీషులో ఏదో అడిగాడు. మాధవి నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. సారు ఇంకోసారి అడిగాడు. మాధవి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఫోన్ వైపే చూస్తోంది గానీ ఒక్క మాట పలకలేదు.

అటు నుంచి శిరీష ఊపిరి వినిపించింది.

"సర్, నిన్న మాట్లాడింది నేను గాదు. మా రూమ్మేట్. నాకు గంత ఇంగ్లీష్ రాదు. వచ్చినకాడికి నేనే చెప్త, వింటరా?"

"అవసరం లేదమ్మా. మీరు వెళ్ళొచ్చు," అన్నాడు సారు.

శిరీష ఎండలో తిరిగొచ్చి మా ముందు నిలబడింది. "ఎందుకు చెప్పలే అక్కా?"

"ఇంకోసారి నీ పేరుతో నన్ను మెచ్చుకుంటే తట్టుకోలేనే," అంది మాధవి.

శిరీష ఆమెను తిట్టలేదు, ఏడవలేదు. మా ఇద్దరికీ కింది మెట్టు మీద కూర్చుని, ఫోన్ తీసి వాళ్ళ నాన్నకు కలిపింది.

"ఉద్యోగం రాలే నాయనా. రేపు పొద్దుగాల బస్సుకు వస్త."