పసుపు పోసిన రేడియేటర్

మొన్న అల్లుడి కారులో బోధన్ వెళ్తుంటే స్టీరింగు ముందు ఎర్ర దీపం ఒకటి వెలిగింది. ఇంజను వేడెక్కిందట. అతను తాపీగా బండి పక్కకు ఆపి, బానెట్ అయినా ఎత్తకుండా కంపెనీ వాళ్ళకు ఫోను చేసి, నీడన నిలబడి కూనిరాగాలు తీయసాగాడు. నేను మాత్రం ఈ వయసులో కూడా గబగబా దిగి, నీళ్ళు కారుతున్నాయేమోనని బండి కిందికి వంగి చూశాను. ఎందుకో అతనికి చెప్పలేదు. ఆ రోజుల్లో జీపుల్లో వేలాడుతూ తిరిగిన మీకైతే చెప్పవచ్చు.

ఎనభైల చివర నేను కందకుర్తి వైపు ఊళ్ళ నుంచి బోధన్‌కు కిరాయి జీపు నడిపేవాణ్ణి. మా అమ్మ పుట్టిల్లు పసుపు పండే మోర్తాడ్ కావడంతో ఇంట్లో పసుపుకు కరువుండేది కాదు, మా డ్రైవర్ల వైద్యానికీ అదే మందు. రేడియేటర్‌కు చిల్లు పడితే గుప్పెడు పసుపు నీళ్ళలో కలిపి పోసేవాళ్ళం, చిల్లు పూడుకుపోయేది.

ఒక చెరకు కోతల కాలంలో జీపు కింద నీళ్ళు కారుతుంటే నిజామాబాద్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్‌కు చూపించాను. ఆయన ఫ్యాను వెనక వేలు పెట్టి తడి చూసి, "గిది రేడియేటర్ గాదు బిడ్డా, వాటర్ పంపు సీలు పోయింది. పసుపుతోని ఆగది. పంపు దించాలె, రెండు దినాలు బండి నిలవెట్టు" అన్నాడు. సరేనని తలూపి వచ్చాను గానీ, జనం విరగబడే రోజుల్లో బండి ఆపడానికి మనసొప్పక, తెల్లారి రెండు గుప్పెళ్ళ పసుపు పోసి బయలుదేరాను. మూడు రోజులు ఏమీ కాలేదు. ఉస్తాద్‌ది ఉత్త చాదస్తమని నవ్వుకున్నాను కూడా.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం చెరకు తోటలో మా అన్నను పాదం మీద నాగుపాము కరిచింది. అన్నను వెనక సీట్లో పడుకోబెట్టి, తల వదిన ఒళ్ళో పెట్టి, బోధన్ ఆసుపత్రికి జీపును ఉరికించాను. సగం దారి దాటకముందే బానెట్ సందుల్లోంచి ఆవిరి ఎగదన్నింది. దిగి బానెట్ ఎత్తితే, ఫ్యాను వెనక నుంచి పసుపు నీళ్ళు ధారగా కారుతున్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఉడుకుతున్న ఇంజనులో చల్లటి నీళ్ళు పోస్తే బ్లాకు పగులుతుంది, చల్లారేదాకా ఆగాల్సిందే. వెనక అన్న కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. నేను ఇంజను మీద చెయ్యి పెట్టడం, కాలి తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం. అంత భయం నా జన్మలో మళ్ళీ ఎరుగను. వదిన డబ్బా పట్టుకుని కాలువకు పరుగెత్తి నీళ్ళు తెచ్చింది. ఇంజను మీద ఆ పసుపు చూసి ఆగిపోయింది.

"పొద్దుగాల్నే బండికి పసుపు పెట్టి మొక్కినవా తమ్మీ? గా తల్లే మీ అన్నను కాపాడుతది" అని, కారుతున్న ఆ నీళ్ళను వేలితో తీసి పుస్తెలకు అద్దుకుంది.

నేను ఆ మాటను అలాగే ఉండనిచ్చి, ఆమె చేతిలోని డబ్బా అందుకున్నాను.

నీళ్ళు పోసి, లోపల ఒత్తిడి పెరగకుండా రేడియేటర్ మూత వదులు చేసి, మైలుకోసారి ఆగుతూ, పోస్తూ, ఎలాగో ఆసుపత్రి చేర్చాను. అన్న బతికాడు. కానీ కాటు పడ్డ చోట కండ కుళ్ళి పాదం చచ్చుబడింది. కాసేపు ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదేమోనని డాక్టరు నా ఒక్కడితోనే అన్నాడు. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అన్న ఆ కాలు ఈడ్చుకుంటూనే ఇరవై ఏళ్ళు వ్యవసాయం చేసి, నన్ను ప్రాణదాతగా పదిమందికీ చూపించి కన్నుమూశాడు.

అన్నను ఆసుపత్రిలో చేర్చిన మర్నాడే జీపును ఉస్తాద్ దగ్గర నిలబెట్టాను. పంపు దించి కొత్త సీలు వేస్తూ ఆయన పసుపు పట్టిన పంపు రెక్కలను చూశాడు, నన్ను చూశాడు, గుడ్డ తీసుకుని ఆ పసుపు తుడవసాగాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పటి బండ్లలో పంపు ఎక్కడుందో నడిపేవాడికే తెలియదు. ఏదైనా చెడితే అది కంపెనీ తప్పు, మిషను తప్పు. మనిషి నిశ్చింతగా నిద్రపోతాడు. మన కాలంలో బండి చెడితే తప్పెవరిదో చేతికి తెలిసేది.

వదిన ఇప్పటికీ ఎవరి బండి అయినా సరే, నేను ముందు సీట్లో కూర్చుంటే తప్ప ఎక్కదు. "మా తమ్మి ఉంటె నాకు ఫికర్ లేదు" అంటుంది. నేను వెనక్కి తిరిగి ఆమె ముఖం చూడను.