పడవెక్కి అడగకూడని మాట

మా ఆవిడ సరళ పెట్టిన షరతు ఒక్కటే. "ముందు గోదాట్ల పడవెక్కి చూస్త. ఎక్కగల్గితే ఓడెక్కుత. లేకుంటే మళ్ల నా దగ్గర దీవి మాట ఎత్తొద్దు."

దీవి అంటే అండమాన్‌ది. అక్కడ సముద్రం మధ్య పగడాలున్న కొన్ని దీవులను కలిపి జాతీయ పార్కు చేశారు. టేకులపల్లి హైస్కూల్లో పన్నెండేళ్లుగా బోర్డు మీద పగడాల బొమ్మ గీసి పాఠం చెబుతున్నానే గానీ ఒక్క పగడాన్నీ కంటితో చూసిన పాపాన పోలేదు. ఎనభైల చివర్లో ఒక ఏడాది, వేసవి సెలవుల్లో వెళ్లి తీరాలని పట్టుబట్టాను. విశాఖలో ఓడల ఆఫీసుకూ, అండమాన్‌కూ ఉత్తరాలు రాశాను. ఎంతమంది వస్తారో నెలాఖరులోగా తెలపమని విశాఖ నుంచి జవాబొచ్చింది. సరళ లేకుండా వెళ్లాలని నాకు లేదు.

ఆమెది భద్రాచలం. చిన్నప్పుడు వరదలో వీధి మునిగితే ఇంటిల్లిపాదినీ పడవలో తరలించారట. పడవ ఎవరిదో గోడకు తగిలి ఒరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ తర్వాత ఆమె మళ్లీ పడవలో కాలు పెట్టలేదు.

రెండో శనివారం పొద్దున 5.20కి బస్సెక్కాం. 6.15కి కొత్తగూడెం, 8.10కి భద్రాచలం. వంతెన మీద సరళ కిటికీ వైపు చూడలేదు. ఇడ్లీ తిని, 8.50కి కూనవరం బస్సు పట్టుకున్నాం. టికెట్టు ధర ఇప్పుడు చెప్పినా మీరు నమ్మరు. ఇవన్నీ నేను నోటుపుస్తకంలో ఎక్కించుకుంటూనే ఉన్నాను. స్టాఫ్‌రూంలో నన్ను టైంటేబుల్ సారు అని ఊరికే అనరు.

పక్క సీట్లో అడ్డాకుల కట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. మాట కలిపి, పగడాల గురించీ రంగురంగుల చేపల గురించీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "చేపల కోసం అంత దూరమెందుకు సారూ? మా వాగుల లేవా?" అంది. సరళ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

11.05కి కూనవరం. రేవులో కొండయ్య అనే పడవతను దొరికాడు. నది మధ్య లంకలో వాళ్లకు మిరపతోట ఉందట, మమ్మల్ని అక్కడిదాకా తీసుకెళ్లి తెస్తానన్నాడు. సన్నటి నాటుపడవ, నిశ్చలంగా ఉన్న నీళ్లు. సరళ గట్టు మీద చాలాసేపు నిలబడింది. చెప్పులు విప్పింది, మళ్లీ తొడుక్కుంది, మళ్లీ విప్పింది. చివరికి కళ్లు మూసుకొని, నా భుజం పట్టుకొని, పడవలో అడుగుపెట్టి కూలబడింది. రెండు చేతులతో పడవ అంచు పట్టుకొని కూర్చుంది. నా గుండె నిండిపోయింది.

కొండయ్య గెడ తీసి నీళ్లలో దించాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? వాచీ చూసుకొని, పెన్ను తీసి, "ఎన్ని గంటలకు చేరతాం?" అని అడిగాను.

గెడ ఆగిపోయింది. కొండయ్య గొంతులో కోపం మాత్రం లేదు.

"పడవల కూసున్నంక గట్ల అడగొద్దు సారూ. గోదారి చేర్చినప్పుడే చేరినట్టు. దిగుండ్రి, నీళ్లు తాగి మళ్ల బయలెల్లుదం."

ఇంట్లోంచి బయల్దేరేవాణ్ని ఎక్కడికని అడిగితే కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం కదా, ఇదీ అలాంటిదే. నేను బతిమాలాను. అతను వినలేదు. ముగ్గురం దిగి గట్టు మీద కూర్చున్నాం. సరళ మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఇన్నేళ్లకు కూడగట్టుకున్న ధైర్యాన్ని ఒక్క ప్రశ్నతో గట్టుపాలు చేశాను. మళ్లీ ఎక్కమని ఏ మొహం పెట్టుకొని అడగను? దీవి సంగతి అక్కడితో సరి అనుకున్నాను.

కొండయ్య సొరకాయ బుర్రలో నీళ్లిచ్చాడు. సరళ రెండు గుక్కలు తాగి లేచింది. ఈసారి కళ్లు మూసుకోలేదు, నా భుజమూ పట్టుకోలేదు. పడవెక్కి కూర్చున్నాక నావైపు తిరిగింది.

"మీరు నోరు మూసుకొని కూసుంటనంటేనే ఎక్కుండ్రి."

నోరు మూసుకొని ఎక్కాను.

లంక చేరేసరికి ఎంతయిందో నా నోటుపుస్తకంలో లేదు. ఇసుక మెత్తగా, వెచ్చగా ఉంది. మిరపతోట పక్కన కూర్చొని తెచ్చుకున్న పులిహోర తిన్నాం, కొండయ్యకూ పెట్టాం. నీళ్ల అంచున కొంగలు నిలబడి ఉన్నాయి. సరళ మోకాళ్ల లోతు దాకా నీళ్లలోకి వెళ్లి, పగడాలు కాళ్లకు కోసుకుంటాయా అని అడిగింది. పన్నెండేళ్ల పాఠమంతా అప్పుడే అక్కడే చెప్పేశాను.

మీరెవరైనా వెళ్లదలిస్తే, కూనవరం నుంచి తిరుగు బస్సు మాకు 4.30కి దొరికింది. బయల్దేరే ముందు మళ్లీ కనుక్కోండి. బస్సువాళ్లను అడగడానికి అభ్యంతరం లేదు.

భద్రాచలం వంతెన మీద సరళ కిటికీ పక్కనే కూర్చుంది. నేను విశాఖకు రాయాల్సిన జవాబు తీశాను. ఎంతమంది అన్నచోట ఖాళీగా ఉంది. ఆమె కాసేపు గోదారిని చూసి, "ఓడల ఎన్ని దినాలు?" అంది.

"మూడు."

"మూడు దినాలు ఆ మాట అడగకుంట ఉండగల్గుతరా?"

నేను వాచీ విప్పి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని సంచిలో వేసుకొని, నా పెన్ను తీసుకొని, ఖాళీలో 'ఇద్దరు' అని రాసింది.