మంచులో మైకు

కృష్ణకు దక్షిణపు గట్టున, తుళ్లూరు వైపు పల్లెల్లో ఒకదానికి నేను పద్దెనిమిదేళ్లుగా సంఘ కాపరిని. మా చర్చికి ఎదురుగా, నది మధ్యలో ఒక లంక ఉంది. అక్కడ మిరప వేస్తారు. కోతల రోజుల్లో మా సంఘపు ఆడవాళ్లు ఇరవై మంది దాకా లంకలోనే పాకలు వేసుకుని ఉండిపోతారు. ఆదివారమైనా కోత ఆగదు. అందుకని ఆ రెండు నెలలూ ఆదివారం తెల్లవారుజామునే లంకకు వెళ్లి, వాళ్లు చేలో దిగక ముందే చిన్న ఆరాధన జరిపి, తొమ్మిదిన్నరకు ఊళ్లో ఆరాధనకు తిరిగి వస్తాను.

నన్ను దాటించేది చేపలు పట్టే ఒక పెద్దాయన. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయనది నలుగురు కూర్చుంటే నిండిపోయే ఫైబర్ పడవ. ఆయనా, ఆయన భార్యా గంగమ్మను కొలిచేవాళ్లు. సంఘానికి రమ్మని నేను పిలవడం మానలేదు, రానని ఆయన చెప్పనూ లేదు. "వలలు ఆరేసుకుని వస్తానండీ" అనేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ వలలు ఆరలేదు.

మంచు పట్టిన రోజున నది ఎలా దాటాలో ఆయన దగ్గరే చూశాను. మామూలు రోజుల్లో గట్టు దగ్గర పడుతున్నామని ముక్కే చెబుతుంది. కల్లాల్లో ఎండే మిరపకాయల ఘాటు గట్టుకు వంద గజాల దూరంలోనే గొంతులో గుచ్చుకుంటుంది. కానీ మంచు రోజున కాయ తడవకుండా రైతులు రాత్రే టార్పాలిన్ పట్టాలు కప్పేస్తారు. ఘాటు అవసరమైన రోజునే ఘాటు ఉండదు. లంక పక్కన పడవ తోసే గెడ దింపితే ఇసుక తగులుతుంది, ఊరి పక్కన బురద తగులుతుంది. నడిమధ్యన గెడ అందదు. అక్కడ గాలి ఉండదు, ఒడ్డు కనపడదు. కింద బ్యారేజీ నీటిని ఆపి ఉంచుతుంది కాబట్టి నది కదులుతున్నట్టే అనిపించదు గాని, కదులుతూనే ఉంటుంది. పడవ ఎటు తిరిగిందో కూర్చున్నవాడికి తెలియదు. ఆ కాస్త దూరం చెవితోనే దాటాలి.

దానికి వాళ్ల జాలరి పేటలో ఒక పద్ధతి ఉంది. మంచు పట్టగానే, అక్కడి ఏడిళ్లలో ఎవరి మగవాళ్లు నది మీద ఉంటే ఆ ఇళ్ల ఆడవాళ్లు రేవుకు వచ్చి నిలబడతారు. ఒకరు బిందె, ఒకరు రేకు డబ్బా, చేతికి ఏది అందితే అది కొడతారు. ఏ ఇంటి దెబ్బ ఆ ఇంటిదే. ఈ పెద్దాయన భార్యది ఇత్తడి పళ్లెం. చెక్క గరిటెతో రెండు దెబ్బలు కొట్టి, ఆగి, ఒక దెబ్బ వేస్తుంది. ఆయన పది తెడ్లు వేసి ఆగుతాడు. చెవి అటు పెట్టి, దెబ్బ ఎటు నుంచి వస్తే పడవ ముక్కు అటు తిప్పుతాడు. తెడ్డు కొసతో పడవ అంచు మీద ఒక్కసారి కొట్టి, వింటున్నానని జవాబిస్తాడు. ఆ జవాబు వినేదాకా ఆవిడ రేవు వదలదు.

ఆ ఆదివారం లంకకు వెళ్లేటప్పుడు నక్షత్రాలు స్పష్టంగా కనిపించాయి. ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి నా చెప్పులు నాకే కనిపించలేదు. ఎండెక్కేదాకా ఆగుదామని ఆయన అన్నాడు. సరేనని కూర్చున్నాం. ఎండెక్కలేదు. ఎనిమిదీ ముప్పావు అయింది.

"ఈరోజు ప్రభువు బల్ల ఉందండీ. రొట్టె విరవడానికి నేను లేకపోతే సంఘం మొత్తం అలాగే కూర్చోవాలి" అన్నాను.

"మీ బల్ల ఎక్కడికి పోద్దండీ, గంట ఆగితే?"

"జనం దూరం నుంచి వస్తారు గదా."

ఆయన నదివైపు చూశాడు. అటు చూడటానికి ఏమీ లేదు. అవతల నుంచి రెండు దెబ్బలూ ఒక దెబ్బా సన్నగా వినిపించాయి. "సరే, మా ఆవిడ నిలబడే ఉంది. ఎక్కండి" అన్నాడు.

తొందరపెట్టింది నేనే. ఇది రాసేటప్పుడు ఆ మాట ముందుగా చెప్పడం న్యాయం.

ఇసుక అందినంత దూరం గెడతో పోయాం. గెడ అందని చోట ఆయన తెడ్డు తీసుకున్నాడు. పది తెడ్లు వేసి ఆగాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే పడవ ఆ కొసన కూర్చున్న ఆయన నడుము దాకానే కనిపిస్తున్నాడు. నాకు భయం వేసింది. భయం వేస్తే నేను చేసే పని ఒకటే. కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాను.

"అయ్యగారండీ" అన్నాడాయన.

నేను ఆపలేదు.

"అయ్యగారండీ! కాసేపు గమ్మునుండండి. మీ దేవుడికి ఎట్టైనా వినపడుద్ది. నాకే వినపడట్లా."

నోరు మూశాను. అలా నా నోరు మూయించినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. మా సంఘంలో ప్రార్థన అంటే గొంతెత్తి చేసేదే. పెదవుల మధ్య గొణిగే ప్రార్థన సగం నమ్మకంతో చేసేదని నేనే బోధించాను. అందరూ ఒకేసారి, ఎవరి మాటలు వాళ్లు, గొంతు బొంగురుపోయేదాకా ప్రార్థించాలి. సంఘాన్ని అలా తయారుచేశానని నాకు సంతోషంగానే ఉండేది.

దెబ్బలు దగ్గరవుతున్నాయి. ఇంకో ఇరవై ముప్పై విడతలు వేస్తే బురద అందుతుందని ఆయన అన్నాడు. సరిగ్గా అప్పుడే తొమ్మిదైంది. ఆరాధనకు ముందు ప్రార్థనకని చర్చి మైకు మోగింది.

మా చర్చి గోపురం మీద నాలుగు దిక్కులకూ నాలుగు హారన్లు ఉన్నాయి. వాక్యం నది అవతలికి కూడా వినపడాలని రెండేళ్ల క్రితం నేనే పెట్టించాను. మైకులో మాట్లాడుతున్నది మా సంఘ పెద్ద. ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైన మనిషి. క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు ఆయనది.

"తండ్రీ, మా అయ్యగారు నీళ్ల మీద ఉన్నారు! ఈ మంచులో మా అయ్యగారిని క్షేమంగా చేర్చు తండ్రీ! సంఘమా, అందరం గొంతెత్తుదాం!"

సంఘం గొంతెత్తింది. రెండు వందల మంది. ఆ హోరు మంచులో పడి అన్ని వైపుల నుంచీ వచ్చింది. ముందు నుంచి, వెనక నుంచి, నీళ్ల కింద నుంచి కూడా వస్తున్నట్టు అనిపించింది. పళ్లెం దెబ్బ అందులో మునిగిపోయింది.

పెద్దాయన తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు విన్నాడు. తరవాత అడిగాడు.

"అయ్యగారూ, మీవోళ్లు మీ ఒక్కళ్లనే అడుగుతున్నారేందండీ? పడవలో నేను కూడా ఉన్నాగా."

నేను జేబు తడుముకున్నాను. నా దగ్గర బటన్ల ఫోను ఉంది. సంఘ పెద్దకు చేశాను, ఆపేసి ఉంది. నా భార్యకు చేశాను, అదీ ఆపేసే ఉంది. మందిరంలో అడుగుపెట్టగానే ఫోన్లు ఆపాలన్న నియమం కూడా నాదే. పెద్దాయన ఫోను తేలేదు. రెండు ఫోన్లు నదికి ఇచ్చుకున్న తరవాత నీళ్ల మీదికి తేవడం మానేశాడు.

ఆయన పది తెడ్లు వేశాడు. ఆగాడు. తల అటూ ఇటూ తిప్పాడు. మళ్లీ వేయలేదు. మా పడవ అప్పటికి ఎటు తిరిగి ఉందో ఇద్దరికీ తెలియదు.

ఇసుక తోలే పెద్ద పడవలు మంచులో కూడా ఆగవు. వాటి ఇంజను చప్పుడు మామూలుగా మైలు దూరం నుంచి వినిపిస్తుంది. ఆ రోజు అదీ వినపడలేదు. కుడివైపు మంచు నల్లబడింది. నల్లబడ్డచోట ఒక ఇనుప గోడ కనిపించింది. చెయ్యి చాస్తే అందేదని చెప్పను. గెడ చాస్తే మాత్రం అందేది. ఆయన ఒక్క తెడ్డు వేసి పడవ ముక్కును దానివైపే తిప్పాడు. తప్పించుకోవాలంటే దూరంగా తిప్పాలి కదా అనుకున్నాను. గోడ మమ్మల్ని దాటిపోయాక దాని అల వచ్చింది. పడవ ముక్కుతో ఎక్కి దిగింది. పక్కవాటుగా వచ్చి ఉంటే తిరగబడేవాళ్లం. పెద్ద పడవ మీది వాళ్లు మమ్మల్ని చూడనే లేదు. ఒక మనిషి దగ్గు వినిపించింది, అంతే.

మైకులో నా పేరు మీద స్తోత్రాలు సాగుతూనే ఉన్నాయి.

సిమెంటు పోసిన డబ్బాకు తాడు కట్టినదే ఆయన లంగరు. దాన్ని నీళ్లలోకి వదిలాడు. "ఇక కదలను. చెవుల్లేకుండా తెడ్డు వేస్తే చచ్చిపోతాం" అన్నాడు. బీడీ వెలిగించుకున్నాడు. నాకు బీడీ వాసన గిట్టదని ఆయనకు తెలుసు.

గాలి తుఫానులో, దోనెలో తలకింద దిండు పెట్టుకుని నిద్రపోయిన ప్రభువు గురించి నేను లెక్కలేనన్ని సార్లు ప్రసంగించాను. ప్రతిసారీ శిష్యుల కేకల గురించి మాట్లాడాను. ఆయన లేచి గాలితో చెప్పింది నిశ్శబ్దంగా ఉండమనే గదా అని ఆ పడవలో కూర్చున్నప్పుడు తట్టింది. అది కూడా ఆ క్షణాన పెద్ద ఓదార్పు కాలేదు. ఇంకో ఇసుక పడవ వస్తే లంగరు వేసిన మేం కదలనైనా కదలలేం.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. రెండో బీడీ సగం కాలింది. "మా అయ్యగారిని" అన్న మాట మధ్యలో మైకు ఆగిపోయింది.

మంచంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించింది. చర్చిలో గొంతులు ఇంకా ఉన్నాయి గాని సన్నగా, ఒక దిక్కు నుంచే వస్తున్నాయి. కొంతసేపటికి అవీ ఆగాయి. తరవాత రెండు దెబ్బలు. ఆగి, ఒకటి.

అవి మా వెనక నుంచి వచ్చాయి. మా పడవ రేవు దాటి కిందికి జరిగిపోయి, ముక్కు బ్యారేజీ వైపు తిరిగి ఉంది.

పెద్దాయన తెడ్డు కొసతో అంచు మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టాడు. అవతల పళ్లెం ఒక్క క్షణం ఆగి, మళ్లీ మోగింది. ఈసారి తొందరగా. ఆయన లంగరు లాగాడు. పది తెడ్లు, ఆగడం. పది తెడ్లు, ఆగడం. ముప్పై ఒకటో విడతలో గెడకు బురద తగిలింది.

రేవులో ఆవిడ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉంది. చేతిలో పళ్లెం, చంకలో మా చర్చి మైకు. తీగతో సహా.

"ఏవయ్యా, కొట్టి కొట్టి నా చెయ్యి పడిపోయింది. జవాబియ్యవేం?" అని మొగుడిని అడిగింది.

"వినపడితే గదా ఇచ్చేది."

ఆవిడ నావైపు తిరిగింది. "మీ సంఘ పెద్దతో చెప్పి చెప్పి చూశానండీ. కళ్లు మూసుకుని ఊగుతున్నాడు, వినడు. అయ్యా, నా మొగుడికి నా చప్పుడు వినపడాల, ఆపండి అంటే, సైతానుకు చోటియ్యకండి అని ఇంకా గట్టిగా అరిచాడు. ఇక పీకేశాను. ఇదిగో, తీసుకోండి."

మైకు అందుకున్నాను. చర్చిలో జరిగింది తరవాత నా భార్య చెప్పింది. ఆవిడ తడి కాళ్లతో, పళ్లెంతో నడవ మధ్యగా నడిచి వచ్చిందట. సంఘ పెద్ద, "ఏందమ్మా ఇది? ప్రార్థనకు అడ్డమా?" అని అడ్డం వచ్చాడట. "అయ్యగారొక్కడే మునుగుతాడా ఆ పడవ మునిగితే? అందులో నా మొగుడు లేడా?" అందట. ఆ మాటతో మందిరంలో ప్రార్థన ఆగిందట.

ఆ రోజు బల్ల ఆలస్యంగా, పదకొండింటికి జరిగింది.

తరవాతి పెద్దల సమావేశంలో చాలాసేపు మాటలు నడిచాయి. అన్యురాలు మైకు పీకడం మంచి సూచన కాదని ఒకరన్నారు. సంఘ ప్రార్థనకు దేవుడు ఆవిడనే జవాబుగా పంపాడని సంఘ పెద్ద సాక్ష్యం చెప్పాడు. ఆ మాట నేనూ నమ్ముతాను. ఆవిడకు చెబితే ఒప్పుకోలేదు. "నన్ను ఎవరూ పంపలా, నేనే పోయా" అంది. మంచు రోజున మైకు బదులు చర్చి గంట కొడితే దారి తెలుస్తుందా అని అడిగాను. "మీ గంటా వద్దు, మీ పాటా వద్దు. గమ్మునుంటే చాలు" అంది.

మళ్లీ అంత మంచు పట్టింది ఫిబ్రవరిలో. అప్పటికి కోతలు అయిపోయి ఆడవాళ్లు ఊళ్లోకి వచ్చేశారు, నాకు లంక పని లేదు. ఆదివారం తొమ్మిదింటికి నేను మందిరంలోనే ఉన్నాను. పెద్దాయన వలలు తీయడానికి చీకటితోనే నది మీదికి పోయాడని ఎవరో చెప్పారు. కిటికీల అవతల ఏమీ కనిపించడం లేదు. రేవు నుంచి పళ్లెం వినిపిస్తోంది. రెండు, ఒకటి.

మైకు తియ్యలేదు. పాట ఎత్తలేదు. ఆయన కోసం మనసులో ప్రార్థించమని, ఈసారి ఆయన కోసమే అని, చేతితో సైగ చేశాను. గొంతెత్తడానికి అలవాటుపడిన సంఘం అది. పెదవులు బిగబట్టుకుని కూర్చున్నారు. సంఘ పెద్ద ముఖం ఎర్రబడింది. పావుగంట దాటింది, అరగంట దాటింది. ఒక పసిపిల్ల ఏడిస్తే తల్లి బయటికి కాకుండా లోపలి గదిలోకి తీసుకుపోయింది.

తొమ్మిదీ నలభైకి, నది మీద ఎక్కడో దూరంగా, ఫైబర్ అంచు మీద తెడ్డు కొస ఒక్కసారి తగిలింది.

అప్పుడు ఆమేన్ అన్నాను. సంఘం అంతా అంది, మెల్లగా.